లినక్సు రికవరీ మోడ్‌లో గ్రాఫికల్ లాగిన్

లినక్సు ఆపరేటింగు సిస్టమ్ గల కంప్యూటరు సరిగా పనిచేయనప్పుడు, దానిని బాగుచేయుటకు వీలుగా అతి తక్కువ సేవలతో ప్రారంభించే పద్ధతిని రికవరీ మోడ్ అంటారు. మామూలుగా కంప్యూటరును ఆన్ చేసినప్పుడు చివరకు వాడుకరి పేరును, పాస్‌వర్డును అడిగే తెర వస్తుంది. మౌసుతో వాడగలిగే ఈ తెరను గ్రాఫికల్ లాగిన్ తెర అంటారు. రికవరీ మోడ్‌లో కంప్యూటరు ఈ తెర వరకు పోకుండా ముందే ఆగి, ఒక మెనూను గాని, అక్షరములు మాత్రమే కనిపించే ఆదేశ తెరను గాని చూపుతుంది. అక్కడినుండి ముందుకు కొనసాగినచో గ్రాఫికల్ లాగిన్ తెర రావచ్చును, రాకపోవచ్చును. వచ్చినా ఎప్పటి రూపములో ఉండకపోవచ్చును. ఇలా వచ్చిన తెరను బట్టి కంప్యూటరు బాగుపడినదని గాని, మరింత చెడినదని గాని నిర్ణయించరాదు. కంప్యూటరును పూర్తిగా రీబూట్ చేసిన తరువాత వచ్చే తెర మాత్రమే దాని అసలు స్థితిని తెలుపుతుంది.

మామూలు ప్రారంభ క్రమము

రికవరీ మోడ్ ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే మామూలు ప్రారంభ క్రమము తెలిసి ఉండాలి. ఈ క్రమములో ముఖ్యమైన దశలు ఇవి:

1. కంప్యూటరు మదర్‌బోర్డులోని బయోస్ లేక యూఈఎఫ్ఐ ముందుగా పనిచేసి, బూట్‌లోడరును పిలుస్తుంది. లినక్సులో ఎక్కువగా వాడే బూట్‌లోడరు పేరు గ్రబ్.
2. గ్రబ్, లినక్సు కెర్నలును మెమరీలోనికి ఎక్కించి, దానికి కొన్ని సూచనలను అందిస్తుంది. వీటిని కెర్నలు పారామీటర్లు అంటారు.
3. కెర్నలు హార్డువేరును గుర్తించి, ఇనిట్ అనే మొదటి ప్రోగ్రామును నడుపుతుంది. నేటి పంపిణీలలో అధిక భాగము ఇందుకు సిస్టమ్‌డీని వాడుతున్నవి.
4. ఇనిట్ ప్రోగ్రాము డిస్కు విభాగములను మౌంట్ చేసి, నెట్‌వర్కు మొదలైన సేవలను ప్రారంభిస్తుంది.
5. చివరకు డిస్‌ప్లే మేనేజరు అనే ప్రోగ్రాము మొదలవుతుంది. గ్రాఫికల్ లాగిన్ తెరను చూపేది ఇదే.

గ్రాఫికల్ లాగిన్ తెర కెర్నలులో భాగము కాదు. అన్ని సేవల వలెనే అదీ ఒక సేవ. కాకపోతే వరుసలో చివరిది. అందువలన దానికి ముందున్న దశలలో ఏదైనా విఫలమైతే ఆ తెర రాకపోవచ్చును. అలాగే ఆ తెర రానంత మాత్రాన వాడుకరి ఫైళ్ళు పోయినట్లు కాదు. చాలా సందర్భములలో ఫైళ్ళు డిస్కులో భద్రముగానే ఉంటాయి, వాటిని చేరే దారి మాత్రమే మూసుకుపోయి ఉంటుంది. రికవరీ మోడ్ ఆ రెండవ దారి.

చరిత్ర

కంప్యూటరును నిర్వాహకుడు ఒక్కడే వాడగల స్థితిలో ప్రారంభించే ఏర్పాటు యూనిక్సు కాలము నుండి ఉన్నది. దీనికి సింగిల్ యూజర్ మోడ్ అని పేరు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు కెర్నలును విడుదల చేసిన తరువాత వచ్చిన పంపిణీలు ఈ ఏర్పాటును స్వీకరించినవి. సిస్టమ్ ఫైవ్ పద్ధతిలో ప్రారంభ స్థితులకు రన్‌లెవెల్ అనే పేరుతో అంకెలు ఇచ్చారు. 0 అంటే ఆపివేయుట, 1 అంటే సింగిల్ యూజర్ మోడ్, 6 అంటే రీబూట్. మధ్యలోని అంకెల అర్థము అన్ని పంపిణీలలో ఒకటి కాదు. రెడ్ హ్యాట్‌లో 3 అంటే అక్షరముల తెర, 5 అంటే గ్రాఫికల్ లాగిన్. స్లాక్‌వేర్‌లో గ్రాఫికల్ లాగిన్ 4వ రన్‌లెవెల్‌లో వస్తుంది. డెబియన్‌లో 2 నుండి 5 వరకు అన్నీ ఒకే విధముగా ఉండేవి.

డిస్‌ప్లే మేనేజర్లలో తొలితరమునకు చెందిన ఎక్స్‌డీఎమ్ 1988లో ఎక్స్ విండో సిస్టమ్‌తో పాటు వచ్చినది. తరువాత గ్నోమ్ వారి జీడీఎమ్, కేడీఈ వారి కేడీఎమ్ వచ్చినవి. 2014లో వచ్చిన కేడీఈ ప్లాస్మా 5 నుండి కేడీఎమ్ స్థానమును ఎస్‌డీడీఎమ్ తీసుకొన్నది. ఉబుంటు 2011లో జీడీఎమ్‌ను వదలి లైట్‌డీఎమ్‌ను స్వీకరించి, 2017లో 17.10 వెర్షనుతో తిరిగి జీడీఎమ్‌కు మారినది.

2010లో విడుదలైన సిస్టమ్‌డీ రన్‌లెవెల్ అంకెలకు బదులు టార్గెట్ అనే పేర్లను ప్రవేశపెట్టినది. 2011లో ఫెడోరా 15, 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04 దీనిని వాడుకలోనికి తెచ్చినవి. ఇందులో ఈ విషయమునకు సంబంధించిన టార్గెట్లు నాలుగు:

ఎమర్జెన్సీ టార్గెట్: దాదాపు ఏ సేవలూ ఉండవు. మూల ఫైల్ సిస్టమ్ మామూలుగా చదువుటకు మాత్రమే వీలుగా ఉంటుంది.
రెస్క్యూ టార్గెట్: స్థానిక డిస్కు విభాగములు మౌంట్ అవుతాయి. నిర్వాహకునికి ఒక ఆదేశ తెర లభిస్తుంది. ఇది పాత సింగిల్ యూజర్ మోడ్‌కు సమానము.
మల్టీ యూజర్ టార్గెట్: నెట్‌వర్కుతో సహా సేవలన్నీ ఉంటాయి. లాగిన్ మాత్రము అక్షరముల తెర మీద జరుగుతుంది.
గ్రాఫికల్ టార్గెట్: పై సేవలకు తోడు డిస్‌ప్లే మేనేజరు కూడా ప్రారంభమవుతుంది.

వివిధ పంపిణీలలో తేడాలు

రికవరీ, రెస్క్యూ అనే పేర్లు అన్ని పంపిణీలలో ఒకే అర్థమును ఇవ్వవు. ఒక పంపిణీకి వ్రాసిన సలహాను మరొక పంపిణీలో పాటించి పలువురు పొరబడుతుంటారు.

ఉబుంటులో గ్రబ్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద, ప్రతి కెర్నలుకు ఒక రికవరీ మోడ్ వరుస ఉంటుంది. గ్రబ్ మెనూ కనిపించకపోతే, బయోస్ గల కంప్యూటరులో షిఫ్ట్ మీటను నొక్కి ఉంచవలెను. యూఈఎఫ్ఐ గల కంప్యూటరులో ఎస్కేప్ మీటను నొక్కవలెను. రికవరీ వరుసను ఎంచుకొన్నచో కొంతసేపటికి ఒక మెనూ వస్తుంది.

డెబియన్‌లో మెనూ ఉండదు. రికవరీ వరుసను ఎంచుకొన్నచో కెర్నలుకు సింగిల్ అనే పారామీటరు అందుతుంది. రెస్క్యూ టార్గెట్ వచ్చి రూట్ పాస్‌వర్డును అడుగుతుంది. డెబియన్ స్థాపించునప్పుడు రూట్ పాస్‌వర్డును ఖాళీగా వదలినచో రూట్ ఖాతాకు తాళము పడుతుంది. అటువంటి కంప్యూటరులో రికవరీ మోడ్‌కు పోతే, రూట్ ఖాతా మూయబడి ఉన్నదనే సందేశము తప్ప ఆదేశ తెర రాదు. అప్పుడు లైవ్ యూఎస్‌బీ నుండి ప్రారంభించి బాగుచేయవలసి ఉంటుంది.

ఫెడోరా గ్రబ్ మెనూలో రెస్క్యూ అనే పేరుతో ఒక వరుస ఉంటుంది. ఇది సింగిల్ యూజర్ మోడ్ కాదు. ఆ ఒక్క కంప్యూటరుకు కావలసిన డ్రైవర్లే గాక, అన్ని రకముల హార్డువేరుకు సరిపడే డ్రైవర్లను చేర్చి తయారుచేసిన ప్రారంభ ప్రతి ఇది. దీనిని ఎంచుకొన్నచో మామూలుగానే గ్రాఫికల్ లాగిన్ తెర వస్తుంది. ఇది లోపము కాదు, దాని ఉద్దేశమే అది. ఫెడోరాలో ఆదేశ తెర కావలెనంటే గ్రబ్ మెనూలో కెర్నలు వరుసను సవరించి, రెస్క్యూ టార్గెట్‌ను కోరవలెను.

ఉబుంటు రికవరీ మెనూ

ఉబుంటు రికవరీ మెనూలోని ముఖ్యమైన అంశములు:

రెస్యూమ్: రికవరీ మోడ్ నుండి బయటపడి ప్రారంభ క్రమమును కొనసాగించుట.
క్లీన్: డిస్కులో ఖాళీ స్థలమును పెంచే ప్రయత్నము.
డీపీకేజీ: సగములో ఆగిన లేక చెడిన ప్యాకేజీలను సరిచేయుట.
ఎఫ్‌ఎస్‌సీకే: ఫైల్ సిస్టమ్‌లలోని తప్పులను పరీక్షించుట.
గ్రబ్: బూట్‌లోడరు మెనూను తాజాపరచుట.
నెట్‌వర్క్: నెట్‌వర్కును ప్రారంభించుట.
రూట్: నిర్వాహకుని ఆదేశ తెరకు పోవుట.
సిస్టమ్ సమ్మరీ: డిస్కు, మెమరీ మొదలైన వాటి వివరములు చూపుట.

రికవరీ మోడ్‌లో మూల ఫైల్ సిస్టమ్ తరచుగా చదువుటకు మాత్రమే వీలుగా ఉంటుంది. ఫైల్ సిస్టమ్‌ను పరీక్షించుటకు అదే సరియైన స్థితి. వ్రాయుటకు వీలుగా మౌంట్ అయిన విభాగముపై పరీక్షను బలవంతముగా నడిపితే, ఉన్న సమాచారమే చెడిపోయే ప్రమాదము కలదు. కనుక పరీక్ష ముందు, మార్పులు తరువాత అనే క్రమమును పాటించవలెను. మార్పులు చేయుటకు మూల ఫైల్ సిస్టమ్‌ను చదువుట, వ్రాయుట రెండింటికి వీలుగా తిరిగి మౌంట్ చేయాలి. మెనూలో నెట్‌వర్క్‌ను ఎంచుకొన్నచో ఈ పని కూడా జరుగుతుంది.

కొనసాగించినప్పుడు గ్రాఫికల్ లాగిన్ తీరు

రెస్యూమ్‌ను ఎంచుకొన్నప్పుడు, కొన్ని గ్రాఫిక్ డ్రైవర్లు ఈ విధముగా పనిచేయవని, అవసరమైతే లాగిన్ తెర నుండి రీబూట్ చేయవలెనని ఉబుంటు ముందుగానే హెచ్చరిస్తుంది. దీనికి కారణము కెర్నలు పారామీటర్లలో ఉన్నది.

మామూలుగా కెర్నలే తెర యొక్క కొలతలను, రంగులను నిర్ణయిస్తుంది. ఈ ఏర్పాటును కెర్నల్ మోడ్ సెట్టింగ్ అంటారు. 2009లో వచ్చిన 2.6.29 కెర్నలుతో ఇంటెల్ గ్రాఫిక్స్‌కు ఈ సౌకర్యము చేరినది. చెడిన గ్రాఫిక్ డ్రైవరు వలన తెర నల్లబడినప్పుడు రికవరీ మోడ్ కూడా కనిపించకపోతే ప్రయోజనము ఉండదు. అందువలన ఉబుంటు తన రికవరీ వరుసలో నోమోడ్‌సెట్ అనే పారామీటరును చేర్చినది. దీని వలన చాలా గ్రాఫిక్ డ్రైవర్లు పూర్తి స్థాయిలో పనిచేయక, ఏ కంప్యూటరులోనైనా కనిపించే సాదా తెర వస్తుంది.

కెర్నలు ఈ పారామీటర్లను ప్రారంభమైనప్పుడు ఒక్కసారి మాత్రమే చదువుతుంది. రెస్యూమ్ అనేది కెర్నలును తిరిగి ప్రారంభించదు. ఆగి ఉన్న సేవలను కదిలించి, చివరకు డిస్‌ప్లే మేనేజరును పిలుస్తుంది, అంతే. కనుక రీబూట్ చేసే వరకు నోమోడ్‌సెట్ ప్రభావము అలాగే ఉంటుంది. దాని ఫలితముగా ఈ కింది లక్షణములలో ఏవైనా కనిపించవచ్చును:

లాగిన్ తెర వచ్చినా అక్షరములు, బొమ్మలు పెద్దవిగా, మసకగా ఉండుట.
తెర కొలతలను మార్చుటకు వీలు లేకపోవుట, రెండవ తెర గుర్తింపబడకపోవుట.
గ్రాఫిక్ కార్డు చేయవలసిన పనిని ప్రాసెసరు చేయుట వలన కిటికీలు నెమ్మదిగా కదులుట.
ల్యాప్‌టాప్‌లో వెలుతురును తగ్గించే మీటలు పనిచేయకపోవుట.
లాగిన్ తెర అసలు రాకుండా నల్లని తెర గాని, అక్షరముల లాగిన్ గాని మిగులుట.

ఈ లక్షణములను చూసి కొందరు డ్రైవర్లను తొలగించుట, ఆపరేటింగు సిస్టమ్‌ను మొదటినుండి స్థాపించుట వంటి పనులకు పూనుకొంటారు. స్థాపన సమయములో డిస్కును చెరిపివేసినచో, అంతవరకు భద్రముగా ఉన్న ఫైళ్ళు ఆ ప్రయత్నములోనే పోతాయి. దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా కలదు. గ్రాఫిక్ డ్రైవరు చెడిన కంప్యూటరులో, ఆ డ్రైవరు పనిచేయనందువలననే రెస్యూమ్ తరువాత లాగిన్ తెర చక్కగా వస్తుంది. సమస్య తీరినదనుకొని ముందుకు పోతే, మరుసటి మామూలు ప్రారంభములో మళ్ళీ నల్లని తెరే వస్తుంది. అయితే ఈ తేడా ఒక ఆధారము కూడా. రికవరీ ద్వారా లాగిన్ తెర వచ్చి, మామూలు ప్రారంభములో రాకపోతే గ్రాఫిక్ డ్రైవరును అనుమానించవచ్చును.

డెబియన్ రికవరీ వరుసలో నోమోడ్‌సెట్ ఉండదు. అందువలన అక్కడ ఆదేశ తెర నుండి కంట్రోల్, డీ మీటలను కలిపి నొక్కి కొనసాగినచో గ్రాఫికల్ లాగిన్ తెర సాధారణముగా ఎప్పటి రూపములోనే వస్తుంది.

లాగిన్ తెర మళ్ళీ మళ్ళీ వచ్చుట

పాస్‌వర్డు సరిగానే ఇచ్చినా, తెర ఒక్క క్షణము నల్లబడి తిరిగి లాగిన్ తెరే రావడము వాడుకరులకు తరచుగా ఎదురయ్యే సమస్య. పాస్‌వర్డు తప్పైనచో ఆ మేరకు సందేశము వస్తుంది. సందేశము లేకుండా తిరిగి వచ్చినదంటే ప్రవేశము లభించినది గాని, డెస్క్‌టాప్ మొదలు కాలేకపోయినదని అర్థము. దీనికి సాధారణ కారణములు:

డిస్కు నిండిపోవుట. డెస్క్‌టాప్ మొదలగునప్పుడు కొన్ని చిన్న ఫైళ్ళను వ్రాయవలసి ఉంటుంది. స్థలము లేకపోతే అది ఆగిపోతుంది.
వాడుకరి ఫోల్డరులోని కొన్ని ఫైళ్ళ యాజమాన్యము రూట్‌కు మారుట. ఎక్స్ విండో సిస్టమ్‌లో ఎక్స్‌అథారిటీ అనే దాగిన ఫైలు విషయములో ఇది ఎక్కువగా జరుగుతుంది.
తాత్కాలిక ఫైళ్ళ ఫోల్డరు అనుమతులు మారుట.
గ్రాఫిక్ డ్రైవరు, కెర్నలు ఒకదానికొకటి పొసగకపోవుట.

రికవరీ మోడ్‌లోని రూట్ ఆదేశ తెర నుండి వీటిని సరిచేయవచ్చును. డీఎఫ్ అనే ఆదేశము డిస్కులో మిగిలిన స్థలమును చూపుతుంది. సీహెచ్‌ఓడబ్ల్యూఎన్ అనే ఆదేశము ఫైళ్ళ యాజమాన్యమును తిరిగి వాడుకరికి ఇస్తుంది. రూట్ ఆదేశ తెర నుండి నేరుగా డెస్క్‌టాప్‌ను ప్రారంభించుట మంచిది కాదు. వాడుకరి ఫోల్డరులో రూట్ పేరుతో ఫైళ్ళు ఏర్పడి, పైన చెప్పిన సమస్యనే కొత్తగా తెచ్చిపెట్టవచ్చును.

పాస్‌వర్డు మార్చిన తరువాత

మరచిపోయిన పాస్‌వర్డును మార్చుట రికవరీ మోడ్ యొక్క ప్రసిద్ధమైన ఉపయోగము. రూట్ ఆదేశ తెరలో పాత పాస్‌వర్డును అడగకుండానే కొత్తది ఇవ్వవచ్చును. రీబూట్ చేసిన తరువాత గ్రాఫికల్ లాగిన్ తెర కొత్త పాస్‌వర్డును అంగీకరిస్తుంది. కాని గ్నోమ్ డెస్క్‌టాప్‌లో వైఫై, వెబ్‌సైట్ల పాస్‌వర్డులను దాచే కీరింగ్ అనే పెట్టెకు పాత పాస్‌వర్డే తాళముగా ఉంటుంది. లాగిన్ అయిన వెంటనే అది పాత పాస్‌వర్డును అడుగుతుంది. అది గుర్తులేకపోతే ఆ పెట్టెను తొలగించి కొత్తది మొదలుపెట్టవలసినదే. అందులో దాచినవి తిరిగి రావు.

ఉబుంటు 18.04 వెర్షనుకు ముందు, స్థాపన సమయములో వాడుకరి ఫోల్డరును గుప్తీకరించే సౌకర్యము ఉండేది. 2018లో ఆ వెర్షను వచ్చినప్పుడు దానిని తొలగించారు. అటువంటి పాత కంప్యూటరులో రికవరీ ద్వారా పాస్‌వర్డును మార్చినచో గుప్తీకరించిన ఫోల్డరు తెరుచుకోదు, డెస్క్‌టాప్ రాదు. ఫోల్డరును తెరుచుటకు స్థాపన సమయములో ఇచ్చిన పొడవైన రహస్య వాక్యము అవసరమవుతుంది. దానిని వ్రాసి దాచుకొనకపోతే ఫైళ్ళను తిరిగి పొందుట దాదాపు అసాధ్యము.

తెలుగు పేర్లు గల ఫైళ్ళు

లినక్సు అక్షరముల తెర ఒకసారికి 256 లేక 512 అక్షర రూపములను మాత్రమే చూపగలదు. గుణింతములను, ఒత్తులను కలిపి చూపే శక్తి దానికి లేదు. అందువలన గ్రాఫికల్ తెరలో చక్కగా కనిపించే తెలుగు ఫైళ్ళ పేర్లు రికవరీ మోడ్‌లో గడులుగానో, అర్థములేని గుర్తులుగానో కనిపిస్తాయి. ఇది చూసి ఫైళ్ళు చెడిపోయినవని భావించరాదు. పేరు గాని, లోపలి పాఠము గాని మారదు. ఇటువంటి ఫైళ్ళను ఒక్కొక్కటిగా పేరుతో ఎంచుకొనే బదులు, అవి ఉన్న ఫోల్డరును మొత్తముగా యూఎస్‌బీ డ్రైవులోనికి కాపీ చేయుట సులభము. రికవరీ మోడ్‌లో యూఎస్‌బీ డ్రైవు తనంత తానుగా తెరుచుకోదు. ఆ పని చేసేది డెస్క్‌టాప్ కనుక, ఇక్కడ దానిని ఆదేశముతో మౌంట్ చేయవలెను.

భద్రత

ఉబుంటులో రూట్ ఖాతాకు పాస్‌వర్డు ఉండదు. అందువలన రికవరీ మెనూలో రూట్‌ను ఎంచుకొన్న ఎవరికైనా పాస్‌వర్డు లేకుండా పూర్తి అధికారము లభిస్తుంది. గ్రాఫికల్ లాగిన్ తెర మీద ఎంత బలమైన పాస్‌వర్డు పెట్టినా, కంప్యూటరు ముందు కూర్చొని రీబూట్ చేయగలిగిన వ్యక్తిని అది అడ్డుకోలేదు. కళాశాల ప్రయోగశాలలు, గ్రంథాలయములు వంటి చోట్ల ఇది గమనింపదగిన విషయము. రికవరీ వరుసను తొలగించినంత మాత్రాన రక్షణ కలుగదు. కెర్నలు పారామీటర్లను గ్రబ్ మెనూలోనే మార్చి ఆదేశ తెరను పొందవచ్చును.

గ్రబ్‌కు పాస్‌వర్డు పెట్టుట ఒక మార్గము. కాని 2015 డిసెంబరులో వాలెన్సియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయమునకు చెందిన హెక్టర్ మార్కో, ఇస్మాయెల్ రిపోల్ ఒక లోపమును బయటపెట్టారు. గ్రబ్ వాడుకరి పేరును అడిగినప్పుడు బ్యాక్‌స్పేస్ మీటను 28 సార్లు నొక్కితే, పాస్‌వర్డు లేకుండా గ్రబ్ యొక్క రెస్క్యూ ఆదేశ తెర వచ్చేది. ఆ లోపమును తరువాత సరిదిద్దారు.

డిస్కు మొత్తమును లక్స్ పద్ధతిలో గుప్తీకరించుట వీటికంటె బలమైన రక్షణ. అప్పుడు రికవరీ మోడ్‌కు పోవుటకు కూడా ముందుగా డిస్కు పాస్‌వర్డు కావలెను. ఆ పాస్‌వర్డును మరచినచో కంప్యూటరు యజమానికి సైతము రికవరీ మోడ్ ఉపయోగపడదు. కనుక గుప్తీకరించిన కంప్యూటరులోని ముఖ్యమైన ఫైళ్ళకు వేరొక చోట ప్రతిని ఉంచుకొనుట అవసరము.

ఇవి కూడా చూడండి

లినక్సు
ఉబుంటు
డెబియన్
గ్రబ్
సిస్టమ్‌డీ
ఎక్స్ విండో సిస్టమ్